ఫీనిక్స్‌లో ఇండీ ఫోక్ షో చూడాలనుకునేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో అక్కావాళ్లింటికి వస్తున్నాం. అదే వారం మాకిష్టమైన బ్యాండ్ డౌన్‌టౌన్‌లో పాడుతోంది. చూడటం కుదురుతుందా?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. డాలస్ నుంచో, బే ఏరియా నుంచో వీకెండ్‌కి వచ్చేవాళ్లు, అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలు, పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు అందరూ దాదాపు ఇవే అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్లాలా వద్దా అనుకుంటున్నప్పుడు

ఇండీ ఫోక్ అంటే మన జానపదాల్లాంటివేనా?

పూర్తిగా కాదు. మన జానపదం ఊరిది. ఎవరు కట్టారో తెలియకుండానే పదిమంది నోళ్లలో పడి మారుతూ వచ్చిన పాట. ఇండీ అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసుకునే సంగీతం. ఇండీ ఫోక్‌లో పాట ఎవరో ఒకరు కూర్చుని రాసుకున్నదే, చాలాసార్లు సొంత గోడే. వాయిద్యాలు మాత్రం పాతవి: అకూస్టిక్ గిటార్, బ్యాంజో, మాండొలిన్, ఫిడేలు. ఇద్దరు ముగ్గురు కలిసి వేర్వేరు స్వరాల్లో ఒకే మాట పాడటం ఈ సంగీతానికి ప్రాణం. సియాటిల్ నుంచి వచ్చిన ఫ్లీట్ ఫాక్సెస్‌ని గానీ, విస్కాన్సిన్‌కి చెందిన బాన్ ఇవేర్‌ని గానీ, ఐరన్ అండ్ వైన్‌ని గానీ ఒక సాయంత్రం వింటే ఈ సంగీతం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. డప్పు మోత, చిందులు కోరుకునేవాళ్లకి ఇది చప్పగా అనిపించవచ్చు. మాటలు విని, ఒక వాక్యం దగ్గర ఆగిపోయే అలవాటున్నవాళ్లు తప్పకుండా వెళ్లాల్సిన షో.

ఎడారి ఊరు కదా, ఇక్కడికి మంచి బ్యాండ్‌లు వస్తాయా?

బాగా వస్తాయి. ఎడారి అనగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు ఊహించుకోకండి. ఫీనిక్స్ జనాభా 16 లక్షల పైమాటే, అమెరికాలో అయిదో పెద్ద నగరం. పైగా లాస్ ఏంజెలెస్‌లో పాడిన బ్యాండ్ టెక్సస్ వైపు వెళ్లాలంటే దారిలో తగిలే మొదటి పెద్ద ఊరు ఇదే, అక్కడి నుంచి ఆరు గంటల ప్రయాణం. అందుకే చాలా షోలు శని, ఆదివారాల్లో కాకుండా మంగళవారమో బుధవారమో పడతాయి. ట్రిప్‌ని వీకెండ్‌కే కుదించుకుంటే మంచివి కొన్ని చేజారతాయి. ఇక స్థానికులూ ఉన్నారు. ఫోక్‌ని పంక్‌తో కలిపిన ఏజేజే అనే బ్యాండ్ 2004లో ఫీనిక్స్‌లోనే మొదలైంది. సరిహద్దు అవతలి మెక్సికో బాణీలను, ట్రంపెట్లను తన పాటల్లో కలుపుకున్న కాలెక్సికో బ్యాండ్‌ది రెండు గంటల దూరంలోని టూసన్.

ఏ నెలల్లో ప్లాన్ చేసుకుంటే మంచిది?

అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా హాయిగా ఉంటుంది. కానీ ఫిబ్రవరి, మార్చిల్లో హోటల్ రేట్లు మండిపోతాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు 15 ఆ నెలల్లో ఇక్కడికే ప్రాక్టీసు మ్యాచ్‌లకు వస్తాయి, వాటి వెనకాల అభిమానులూ వస్తారు. నవంబరు, డిసెంబరు మొదటివారాలు నా లెక్కలో అన్నింటికంటే అనువైనవి.

వేసవిలో రాకూడదని కాదు. హాళ్లన్నీ ఏసీవే, గదులు చవక. కాకపోతే ఆ ఎండని తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో జూన్ 30 నుంచి వరుసగా 31 రోజులపాటు ఇక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్‌కి తగ్గలేదు. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లు కూడా ఇక్కడ రాత్రి పదింటికి వీచే వేడిగాలికి ఆశ్చర్యపోతారు.

ఏ హాలు ఎలా ఉంటుంది? బ్యాండ్‌ని బట్టి వెళ్లాలా, హాలుని బట్టి వెళ్లాలా?

ఫోక్ విషయంలో నేను హాలుకే ఎక్కువ మార్కులు వేస్తాను. అదే బ్యాండ్ మూడొందల మంది ముందు ఒకలా వినిపిస్తుంది, మూడు వేల మంది ముందు ఇంకోలా వినిపిస్తుంది. ఇష్టమైన బ్యాండ్ పెద్ద హాల్లో, కొత్త బ్యాండ్ చిన్న హాల్లో ఒకే వారం ఉంటే రెండోదానికీ ఒక్క అవకాశం ఇచ్చి చూడండి.

క్రెసెంట్ బాల్‌రూమ్ డౌన్‌టౌన్‌లో, పాత గ్యారేజీ కట్టడంలో 2011లో తెరిచారు. అయిదొందల పైచిలుకు మంది పడతారు. ముందు నిలబడే జాగా, వెనకాల మెట్లలాంటి బల్లలు. బయటి గదిలో మెక్సికన్ వంట. ఫీనిక్స్‌లో ఒక్క షోనే చూడగలిగితే, బ్యాండ్ ఏదైనా ఇక్కడ చూడమంటాను. క్రెసెంట్‌ని నడిపేవాళ్లే 2015లో తెరిచిన వ్యాలీ బార్ ఇంకా చిన్నది. వెనక సందులోంచి మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లాలి. బోర్డు కోసం రోడ్డు మీద వెతికితే దొరకదు, సందులోకి తిరగాలి. స్టేజీ తక్కువ ఎత్తు, పాడేవాళ్ల ఊపిరి కూడా మైకులో వినిపిస్తుంది.

వాన్ బ్యూరెన్ 2017లో మొదలైంది, ఒకప్పటి కార్ల షోరూమ్. సుమారు 1,800 మంది, అంతా నిలబడే. పేరున్న బ్యాండ్‌లు ఎక్కువగా ఇక్కడికే వస్తాయి.

కూర్చుని చూసేవి మూడు. ఆర్ఫియం 1929 నాటి థియేటర్, గోడల మీద స్పానిష్ తరహా పనితనం చూడ్డానికైనా వెళ్లొచ్చు. సెలబ్రిటీ థియేటర్ 1964 నాటిది, గుండ్రటి హాలు, మధ్యలో స్టేజీ నెమ్మదిగా తిరుగుతుంది. ఏ సీటూ స్టేజీకి 75 అడుగులకు మించి దూరం ఉండదు. కొన్ని షోలకు తిప్పకుండా సగం హాలే వాడతారు, టికెట్ కొనేముందు సీటింగ్ బొమ్మ చూసుకోండి. మూడోది మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ మ్యూజియంలోని థియేటర్, సుమారు 300 సీట్లు. ఊళ్లో శబ్దం అన్నింటికంటే శుభ్రంగా వినిపించేది అక్కడేనని నా అభిప్రాయం. డౌన్‌టౌన్‌కి దూరం, ఊరికి ఉత్తరాన ఉంటుంది.

అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా? వాళ్లకి నచ్చుతుందా?

సీట్లున్న హాలయితే నిస్సందేహంగా తీసుకెళ్లండి. మూడు గంటలు నిలబడాల్సిన చోటికి మాత్రం వద్దు, మోకాళ్లు మొరాయించాక పాట వినిపించదు. మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ మ్యూజియంలో పగలు మ్యూజియం, రాత్రి షో అని పెట్టుకుంటే వాళ్లకి అన్ని దేశాల వాయిద్యాలతోపాటు మన వీణ, తబలా కూడా కనిపిస్తాయి, కబుర్లకి సందు దొరుకుతుంది. మాటలు అర్థం కావేమోనని టెన్షన్ పడకండి. బయల్దేరేముందు రెండు మూడు పాటల సంగతేంటో తెలుగులో చెప్పి పెట్టండి, చాలు. వీల్‌చైర్ లేదా నడక ఇబ్బంది ఉంటే టికెట్ పేజీలో దానికి వేరే సీట్లు ఉంటాయి. దొరక్కపోతే హాలుకి మెయిల్ పెట్టండి.

టూసన్‌లో కూడా షో ఉంది. రెండింటిలో ఏది?

కారు ఉండి, ఒక రాత్రి ఆగగలిగితే టూసన్. ఫీనిక్స్ నుంచి ఇంటర్‌స్టేట్ 10 మీద 185 కిలోమీటర్లు, రెండు గంటల దారి. 1920 నాటి రియాల్టో థియేటర్, దానికి ఎదురుగా 1919 నాటి హోటల్ కాంగ్రెస్, హోటల్లోనే క్లబ్ కాంగ్రెస్ అనే చిన్న హాలు. 1934లో ఈ హోటల్లో మంటలు లేవడం వల్లే బ్యాంకు దొంగ జాన్ డిలింజర్ ముఠా ఆచూకీ బయటపడి పోలీసులకు దొరికింది. మెట్లు దిగి షో చూసి, మెట్లెక్కి పడుకోవచ్చు. కింద సంగీతం పైగదుల్లోకి వినిపిస్తుంది, త్వరగా నిద్రపోయేవాళ్లు వేరే బస చూసుకోండి.

## టికెట్ కొనేటప్పుడు

టికెట్ ఎక్కడ కొనాలి? గూగుల్‌లో మొదట వచ్చినదాంట్లో కొనేయొచ్చా?

వద్దు. వెతకగానే పైన కనిపించేవాటిలో చాలావరకు తిరిగి అమ్మే సైట్లు. హాలు సొంత వెబ్‌సైట్‌కి గానీ బ్యాండ్ టూర్ పేజీకి గానీ వెళ్లి, అక్కడి లింకు పట్టుకుని కొనండి. అసలు అమ్మకందారు ఎవరో అక్కడే తెలుస్తుంది. చిన్న హాల్లో ఫోక్ షోకి మామూలుగా 25 నుంచి 50 డాలర్లు ఉంటుంది. అంతకు రెండు మూడింతలు కనిపిస్తే తప్పు సైట్లో ఉన్నారన్నమాట. 2025 మే నుంచి అమెరికాలో ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరనే మొదట చూపించాలని నిబంధన ఉంది. కాబట్టి చివరి పేజీలో ధర ఉన్నట్టుండి పెరిగితే అక్కడ కొనడం ఆపేయండి.

సోల్డ్ అవుట్ అని వస్తోంది. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

తొందరపడకండి. బ్యాండ్ తన మనుషుల కోసం అట్టిపెట్టుకున్న టికెట్లలో మిగిలినవి షో దగ్గరపడ్డాక వదులుతారు. ఆ రోజు మధ్యాహ్నం మళ్లీ చూడండి. అమ్మిన సైట్లోనే అధికారిక రీసేల్, వెయిట్‌లిస్ట్ ఉంటే పేరు వేసి ఉంచండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో టికెట్ స్క్రీన్‌షాట్ పంపిస్తానంటే మాత్రం డబ్బు పంపకండి. చాలా టికెట్ల బార్‌కోడ్ ఇప్పుడు కొన్ని సెకన్లకోసారి మారుతుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచేయదు. యాప్‌లో మీ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ అయ్యాకే అది మీ టికెట్.

టికెట్ మీద "21 ప్లస్" అని ఉంది. నాకు ఇరవయ్యే. మందు తాగను కదా, రానిస్తారా?

రానివ్వరు. అది తాగడం గురించి కాదు, లోపలికి రావడం గురించే. బార్ లైసెన్సు మీద నడిచే షోలకు ఆ షరతు పెడతారు. "ఆల్ ఏజెస్", "16 ప్లస్", "18 ప్లస్" అని ఉన్నవాటికి వెళ్లొచ్చు. అక్కడ 21 నిండనివాళ్ల చేతి మీద మార్కర్‌తో గీత పెడతారు, లేదా నిండినవాళ్లకు రిస్ట్‌బ్యాండ్ కడతారు. ఒకే హాల్లో ఒక రోజు అందరికీ, మరుసటి రోజు 21 ప్లస్ ఉంటుంది, అందుకని షో పేజీ చూడాలి.

ఐడీ ఏం చూపించాలి? ఇండియా డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుందా?

దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. అమెరికా లైసెన్సు గానీ స్టేట్ ఐడీ గానీ లేకపోతే ఒరిజినల్ పాస్‌పోర్టే. ఫోన్లో ఫోటో, జిరాక్స్ కాపీ కుదరవు. అరవై దాటిన నాన్నగారినీ అడుగుతారు, నొచ్చుకోకండి. పాస్‌పోర్టుని లోపలి జేబులోనో, మెడకి వేసుకునే చిన్న సంచీలోనో పెట్టుకోండి.

ఫీనిక్స్ టైమ్ గందరగోళంగా ఉంది. షో ఎన్నింటికో ఎలా తెలుసుకోవాలి?

అరిజోనాలో గడియారాలు వేసవికి ముందుకి జరపరు, ఏడాదంతా ఒకటే సమయం. అందుకని మార్చి నుంచి నవంబరు దాకా కాలిఫోర్నియాతో సమానం, మిగతా నెలల్లో కాలిఫోర్నియా కన్నా ఒక గంట ముందు. డాలస్ కన్నా వేసవిలో రెండు గంటలు, చలికాలంలో ఒక గంట వెనక. ఇండియాతో తేడా ఎప్పుడూ పన్నెండున్నర గంటలే. ఇక్కడ రాత్రి ఏడయితే హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున్న ఏడున్నర. ఒక్క చిక్కుంది. రాష్ట్రంలోనే ఉన్న నవాజో నేషన్ వేసవి సమయం పాటిస్తుంది. మాన్యుమెంట్ వ్యాలీ చూసుకుని షోకి వచ్చేవాళ్లు ఫోన్ గడియారం మారిందేమో ఒకసారి గమనించాలి.

## ఊళ్లో దిగాక

ఎయిర్‌పోర్టు నుంచి డౌన్‌టౌన్‌కి కారు లేకుండా వెళ్లొచ్చా?

సులువుగా. స్కై హార్బర్ టెర్మినల్స్ నుంచి స్కై ట్రైన్ ఉచితం. అది 44వ వీధి స్టేషన్ దగ్గర దింపుతుంది, అక్కడ లైట్ రైల్ ఎక్కితే డౌన్‌టౌన్. ఒకసారి ప్రయాణానికి 2 డాలర్లు, రోజంతటికీ 4. డ్రైవరే లేని వేమో కార్లు ఇక్కడ మామూలు టాక్సీల్లాగే తిరుగుతాయి, ఎయిర్‌పోర్టుకీ వస్తాయి. స్టీరింగ్ తనంతట తాను తిరగడం చూసి అమ్మావాళ్లు మొదటి అయిదు నిమిషాలు సీటు గట్టిగా పట్టుకుంటారు, తర్వాత వీడియో తీయమంటారు.

చాండ్లర్‌లో చుట్టాలింట్లో ఉంటున్నాం. షోకి ఎలా వెళ్లాలి?

చాండ్లర్ దాకా రైలు లేదు. డౌన్‌టౌన్ కారులో అరగంట పైనే, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ. నేను చెప్పే పద్ధతి ఇది: 101 ఫ్రీవే పక్కన టెంపీలో ప్రైస్–అపాచీ స్టేషన్ దగ్గర ఉచిత పార్కింగ్ ఉంది. అక్కడ కారు పెట్టి రైలెక్కండి. డౌన్‌టౌన్ పార్కింగ్ వెతుకులాట, ఖర్చు రెండూ తప్పుతాయి. ఆ రోజు ఆఖరి రైలు ఎన్నింటికో మాత్రం ముందే చూసి పెట్టుకోండి. చిన్నపిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే నేరుగా కారులోనే వెళ్లడం మేలు.

షో రోజు పగలు ఏం చూడొచ్చు?

డెసర్ట్ బొటానికల్ గార్డెన్ చాలు. 1939 నుంచి ఉన్న ఈ తోటలో సగువారో అనే నిలువెత్తు కాక్టస్‌లు దగ్గరగా చూడొచ్చు. వాటికి చేయిలాంటి మొదటి కొమ్మ రావడానికే యాభై, డెబ్బై ఏళ్లు పడుతుంది. పొద్దున్నే వెళ్లి పదకొండింటికల్లా బయటపడండి. క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కడం మాత్రం ఇంకో రోజుకి పెట్టుకోండి. పొద్దున్న కొండెక్కి రాత్రి మూడు గంటలు నిలబడితే రెండో పాటకే కాళ్లు లాగుతాయి. తీవ్రమైన వడగాడ్పు హెచ్చరికలున్న రోజుల్లో ఆ దారిని నగరపాలక సంస్థే పగటిపూట మూసేస్తుంది.

ఎండ మాకు అలవాటే. ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త అవసరమా?

అవసరమే. విజయవాడలో చెమట చొక్కాని తడిపి నీళ్లు తాగమని గుర్తుచేస్తుంది. ఇక్కడ గాలి పొడి, చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. ఒళ్లు తడవదు కాబట్టి నీరు పోతున్న సంగతి తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి. ఇంట్లో మజ్జిగ ఉంటే ఉప్పేసుకుని రెండు గ్లాసులు తాగి బయల్దేరండి. షోలో బీరు తాగేవాళ్లు గ్లాసు బీరుకి ఒక గ్లాసు చొప్పున నీళ్లూ తాగాలి. బార్ దగ్గర మంచినీళ్లు అడిగితే కప్పులో ఇస్తారు, మొహమాటపడక్కర్లేదు. పెదాలకి, ముక్కు లోపల రాసుకోవడానికి చిన్న వాజిలిన్ డబ్బా జేబులో వేసుకోండి.

జూలైలో వస్తున్నాం. దుమ్ము తుఫాను వస్తే ఎలా?

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా ఇక్కడ వానల కాలం. హబూబ్ అనే దుమ్ము గోడ సాయంత్రంపూట లేస్తుంది, అంటే సరిగ్గా షోకి బయల్దేరే వేళకి. ఫోన్‌కి హెచ్చరిక వస్తే ఇంట్లోనే ఆగండి, చాలావరకు గంటలోపు పోతుంది. దారిలో చిక్కుకుంటే రోడ్డు మీంచి వీలైనంత పక్కకి దిగి ఆపండి, లైట్లన్నీ ఆర్పేయండి, హ్యాండ్‌బ్రేక్ వేసి కాలి బ్రేకు మీంచి పాదం తీసేయండి. లైట్లు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు మీ కారు రోడ్డు మీద కదులుతోందనుకుని నేరుగా వచ్చి గుద్దుతాడు. ఓపెనింగ్ పాటలు పోయినా పర్లేదు.

చలికాలంలో స్వెట్టర్ కావాలా?

కావాలి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు 7 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోతుంది. మధ్యాహ్నం టీషర్టులో తిరిగినవాళ్లు షో అయ్యాక బయట వణుకుతారు. వేసవిలోనూ ఒక పల్చటి ఓవర్‌షర్ట్ ఉంచుకోండి, ఏసీ అంత గట్టిగా ఉంటుంది.

## షో సాయంత్రం

డోర్స్ 7, షో 8 అని ఉంది. నిజంగా ఎన్నింటికి వెళ్లాలి?

ఏడింటికి తలుపులు తీస్తారు, ఎనిమిదికి ఓపెనింగ్ బ్యాండ్ మొదలవుతుంది, అరగంట పైన పాడుతుంది. మైకులు, వాయిద్యాలు మార్చడానికి ఇంకో అరగంట. మీరు చూడాలనుకున్న బ్యాండ్ తొమ్మిది దాటాకే వస్తుంది, పదిన్నర పదకొండు మధ్య ముగుస్తుంది. మన ఫంక్షన్లలా గంట ఆలస్యంగా మొదలవుతుందిలే అనుకోవద్దు, చిన్న హాళ్లు గడియారం ప్రకారం నడుస్తాయి.

అయినా ఎనిమిదికే ఉండండి. ఓపెనింగ్ చేసేవాళ్లని చాలాసార్లు ప్రధాన బ్యాండే ఎంచుకుని తీసుకొస్తుంది. ఒక్క గిటార్‌తో, సగం ఖాళీ హాలు ముందు పాడటం కష్టమైన పని. ఆ సమయానికి నలభై మంది శ్రద్ధగా నిలబడితే పాడే మనిషి గొంతులో తేడా వినిపిస్తుంది. తర్వాత ఏళ్లకేళ్లు వినే పాటలు అలా దొరికినవాళ్లు చాలామంది.

బ్యాగు, కెమెరా, నీళ్ల సీసా తీసుకెళ్లొచ్చా?

చిన్న పర్సు పర్వాలేదు. బ్యాక్‌ప్యాక్, మార్చుకునే లెన్సుల కెమెరా, నింపిన సీసా చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. కొన్ని హాళ్లు పారదర్శకమైన సంచీలనే రానిస్తాయి. ఎయిర్‌పోర్టు నుంచి సూట్‌కేసుతో నేరుగా రావద్దు, దాచడానికి చోటుండదు.

మేం శాకాహారులం. అక్కడ ఏం తినాలి?

మెక్సికన్ వంట ఎక్కువ కాబట్టి బీన్స్, అన్నం, మొక్కజొన్న రొట్టెలు, గ్వాకమోలి దొరుకుతాయి, కారానికీ లోటు లేదు. ఒక్క సంగతి అడిగి తీరాలి: బీన్స్‌లో, గోధుమ టోర్టిల్లాల్లో సంప్రదాయంగా పంది కొవ్వు వేస్తారు, దాన్ని లార్డ్ అంటారు. "నో లార్డ్, నో చికెన్ బ్రాత్" అని అడగండి, అన్నం కూడా కోడి రసంలో వండుతారు. మొక్కజొన్న టోర్టిల్లా తీసుకుంటే సాధారణంగా బెడద ఉండదు. మన భోజనమే కావాలంటే చాండ్లర్‌లోనో టెంపీలోనో తినేసి రండి.

ఒక్కదాన్నే వెళ్లొచ్చా? అందరూ జంటలుగా, గుంపులుగా ఉంటారేమో?

నిరభ్యంతరంగా వెళ్లండి. ఫోక్ షోలకి ఒంటరిగా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, ఎవరూ వింతగా చూడరు. డౌన్‌టౌన్‌లో రాత్రిపూట వీధులు ఖాళీగా ఉంటాయి, కాబట్టి షో అయ్యాక క్యాబ్‌ని హాలు లోపల ఉండగానే పిలిచి, వచ్చాక బయటికి రండి.

పాటలన్నీ తెలిసి ఉండాలా?

అక్కర్లేదు. కొత్త ఆల్బమ్ ఒకసారి వినండి, ఎక్కువ పాటలు దాంట్లోంచే వస్తాయి.

## హాల్లో ఉన్నప్పుడు

ఎక్కడ నిలబడితే బాగా వినిపిస్తుంది?

సౌండ్ ఇంజనీర్ బల్లకి కాస్త ముందు, మధ్యలో. అతను వింటున్నదే మీకూ వినిపిస్తుంది. వేళ్లు చూడాలనుకుంటే మొదటి వరస, కానీ అక్కడ స్పీకర్ల శబ్దం పక్కలకి పోయి గొంతు పల్చగా వినిపిస్తుంది. బార్ దగ్గర మాత్రం వద్దు, ఐసు గలగల, కబుర్లు.

పాట మధ్యలో మాట్లాడకూడదా? వీడియో తీసుకోకూడదా?

ఈ పేజీ రాయడానికి సగం కారణం ఈ ప్రశ్నే. డ్రమ్స్ దద్దరిల్లే షోలో పక్కవాళ్లతో మాట్లాడినా ఎవరికీ తెలియదు. ఫోక్ షోలో తెలుస్తుంది. పాడేవాళ్లు ఒక్కోసారి మైకు నుంచి వెనక్కి జరిగి, ఉత్త గొంతుతో పాడతారు. అప్పుడు అయిదొందల మంది ఊపిరి బిగబడతారు. ఆ క్షణంలో "పార్కింగ్ ఎక్కడ చేశావ్?" అన్న మాట స్టేజీ దాకా వెళ్తుంది. తెలుగులో అన్నా అంతే. చెప్పాల్సింది ఉంటే చప్పట్ల మధ్యలో చెప్పండి, ఫోనొస్తే బయటికెళ్లండి.

వీడియో అయితే ఒక పాటలో కాసేపు, వెలుతురు తగ్గించి, ఛాతీ ఎత్తులో పట్టుకుని తీసుకోండి. వెనకున్నవాళ్లు మీ స్క్రీన్‌లోంచి షో చూడాల్సిన పరిస్థితి రానివ్వద్దు. కొన్ని బ్యాండ్‌లు ఫోన్ వద్దని గేటు దగ్గరే కాగితం అంటిస్తాయి, దాన్ని పాటించండి. ఇంట్లో అమ్మకి వీడియో కాల్‌లో చూపించాలన్న కోరిక నాకు అర్థమవుతుంది, కానీ అటువైపు ఆమెకి వినిపించేది గరగరే.

పాటపాటకీ ఆగి గిటార్ సరిచేసుకుంటున్నారు. సరిగ్గా ప్రాక్టీసు చేయలేదా?

చేశారు. ఇది ఎడారి ప్రభావం, కొంత ఆ సంగీతం తీరు. అకూస్టిక్ గిటార్ పల్చటి చెక్క. దానికి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే సుఖం. ఫీనిక్స్‌లో మే, జూన్ మధ్యాహ్నాల్లో తేమ పది శాతానికి అటూ ఇటూ ఉంటుంది. చెక్క ఎండి కుంచించుకుంటుంది, పైపలక కాస్త దిగుతుంది, మెడ మీది లోహపు కడ్డీల కొసలు చెక్క అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి వేళ్లకి గీసుకుంటాయి. అందుకే టూర్లో తిరిగేవాళ్లు గిటార్ పెట్టెలో తేమనిచ్చే చిన్న సంచీలు వేసుకుంటారు. దానికి తోడు స్టేజీ లైట్ల వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, ఏసీ గాలి తగిలితే మళ్లీ ఎక్కుతుంది.

ఇంకో కారణం, ఫోక్ గాయకులు ఒక్కో పాటకి తీగల్ని ఒక్కో రకంగా శ్రుతి చేసుకుంటారు. ఆ మధ్యలోనే పాట వెనకున్న కథ చెబుతారు. ఆ మాటలు ఏ రికార్డులోనూ ఉండవు, చెవి అటే పెట్టండి. కచేరీలో వైణికుడు బిరడా తిప్పుతుంటే సభ ఓపిగ్గా ఎదురుచూసినట్టే ఇక్కడా చూడాలి.

ఫోక్ కదా, చెవులకి ఇయర్‌ప్లగ్స్ ఎందుకు?

మెత్తని పాట చివర్లో డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ కలిస్తే వంద డెసిబెల్స్ దాకా పోవచ్చు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ని ఎనిమిది గంటలు భరించొచ్చు, 100 అయితే పదిహేను నిమిషాలే. నురగ ప్లగ్స్ చాలా హాళ్లలో బార్ దగ్గర దొరుకుతాయి. తరచూ వెళ్లేవాళ్లు సంగీతం కోసం చేసినవి కొనుక్కోండి, మాటలు ముద్దవకుండా శబ్దం మాత్రమే తగ్గుతుంది.

టిప్ ఎంత ఇవ్వాలి?

బార్ దగ్గర గ్లాసుకి ఒకటి రెండు డాలర్లు, టేబుల్ దగ్గర కూర్చుని తింటే 18 నుంచి 20 శాతం.

బ్యాండ్ వెళ్లిపోయింది, జనం కదలట్లేదు. షో అయిపోయినట్టా?

లైట్లు వెలిగేదాకా కాలేదు. చప్పట్లు కొనసాగితే తిరిగొచ్చి ఒకటి రెండు పాటలు పాడతారు. కొన్ని బ్యాండ్‌లు అప్పుడు స్టేజీ దిగి, మైకుల్లేకుండా జనం మధ్యలో నిలబడి పాడతాయి. రైలు కోసమని ముందే బయల్దేరేవాళ్లు పోగొట్టుకునేది అదే.

## షో అయ్యాక

టీషర్టు 40 డాలర్లా! కొనాలా?

తప్పనిసరి కాదు. కానీ స్పాటిఫైలో ఒక పాట వింటే ఆ బ్యాండ్‌కి వచ్చేది సెంటులో కొంత భాగమే. వ్యాన్‌లో తిరిగే చిన్న బ్యాండ్‌కి ఆ రాత్రి పెట్రోలు, గది అద్దె చాలావరకు టీషర్టులు, రికార్డులు అమ్మే బల్ల మీదే వస్తాయి. కొన్ని హాళ్లు అందులోనూ వాటా తీసుకుంటాయి. టీషర్టు వద్దనుకుంటే స్టిక్కరో, క్యాసెట్టో కొనండి. ఓపెనింగ్ చేసినవాళ్ల బల్ల దగ్గర కొంటే ఇంకా మంచిది.

రికార్డు కొన్నాను. ఇంటికి ఎలా తీసుకెళ్లాలి?

కారులో మాత్రం వదలకండి. వేసవిలో ఇక్కడ ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరుతుంది, వైనిల్ రికార్డు అంతకన్నా ముందే వంకర తిరిగిపోతుంది. గంట పనికి వెళ్లినా లోపలికి తీసుకెళ్లండి. విమానంలో చేతి సామానుగా, నిలువుగా, రెండు అట్టముక్కల మధ్య పెట్టుకోండి.

బ్యాండ్‌వాళ్లని పలకరించొచ్చా?

చిన్న హాళ్లలో వాళ్లే బల్ల దగ్గరికి వచ్చి నిలబడతారు. వెళ్లి ఫలానా పాట నాకెందుకు నచ్చిందో ఒక్క మాటలో చెప్పండి. ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు, అనంతపురమనో ఖమ్మమనో చెప్పండి, వాళ్లకి అది సంతోషమే. ఫోటో అడిగి తీసుకోండి. వెనక క్యూ ఉంటుంది, కబుర్లు సాగదీయొద్దు. రాకపోతే వ్యాన్ దగ్గర కాపు కాయకండి, మర్నాడు వాళ్లకి ఇంకో ఊరుంది.

షో రద్దయితే డబ్బు తిరిగొస్తుందా?

పూర్తిగా రద్దయితే కొన్న కార్డుకే వెనక్కి వస్తుంది. వాయిదా అయితే పాత టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, రాలేనివాళ్లకి రీఫండ్ అడగడానికి గడువు పెట్టి మెయిల్ పంపుతారు. ఆ మెయిల్ ప్రమోషన్స్ ఫోల్డర్లో పడుతుంది, వెతకండి. విమానం, హోటల్ ఖర్చు ఎవరూ ఇవ్వరు. అందుకే షో ఒక్కదాని కోసమే వస్తుంటే రద్దు చేసుకోగలిగే గదే బుక్ చేయండి. ఆ రాత్రి ఖాళీ అయిపోతే క్రెసెంట్, వ్యాలీ బార్ క్యాలెండర్లు తెరవండి, రెండింట్లో ఒకచోట ఏదో ఒక షో దొరికే అవకాశం ఎక్కువ.